సూది గుచ్చని చెయ్యి

పినపాక నుంచి ఏడూళ్ల బయ్యారం క్రాస్ రోడ్డుకు వచ్చే దారిలో ఒక కల్వర్టు ఉంది. వానాకాలం వస్తే దాని రెండు అంచుల్లోనూ తారు లేచిపోతుంది. ఆ గుంతలో ముందు చక్రం దిగినప్పుడు, ప్రతిసారీ కాదు గాని నాలుగైదు సార్లకొకసారి, మాస్టారి కారులో డాష్‌బోర్డు ముళ్లన్నీ ఒక్కసారే సున్నాకు వాలిపోయేవి. ఇంజన్ లైటు, ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, స్టీరింగ్ లైటు వరసగా వెలిగేవి. స్టీరింగ్ బిగుసుకుపోయేది. ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. తర్వాత ఏమీ జరగనట్టే అన్నీ సర్దుకునేవి. ఆ నిమిషంలో భయపడి బండి ఆపేస్తే మాత్రం మళ్లీ స్టార్టు కాదు. సెల్ఫ్ కొడుతుంది, ఇంజన్ అందుకోదు.

మాస్టారు అప్పటికే రెండు చోట్ల చూపించారు. ఒకచోట బ్యాటరీ మార్చారు. ఇంకోచోట ఇంజన్ కంప్యూటరే పోయిందని, కొత్తది వెయ్యాలని, ఆయన నెల జీతాన్ని దాటే లెక్క రాసిచ్చారు. ఆ కాయితం చొక్కా జేబులో పెట్టుకుని మూడో చోటికి వచ్చారు.

ఆ మూడో చోటు క్రాస్ రోడ్డుకు కాస్త ఎడంగా ఉన్న రేకుల షెడ్డు. దాని ముందు ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు తునికాకు మోసే లారీ. మణుగూరు ఓపెన్ కాస్టు గనుల వైపు తిరిగే బండ్లు తెచ్చే నల్లటి దుమ్ము ఏ బోనెట్ ఎత్తినా కనిపిస్తుంది. షెడ్డు యజమాని పదో తరగతి తర్వాత ట్రాక్టరు డైనమోలు చుట్టేచోట పనికి చేరి, అక్కడి నుంచి కార్ల కరెంటు పనికి వచ్చినవాడు. తన పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. నేను ఆ రోజు వెళ్లింది నా స్కూటర్ హారన్ కోసం. హారన్ పావుగంటలో అయిపోయింది. నేను సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను.

బోనెట్ ఎత్తకముందే ఆయన మాస్టారిని స్టూలు మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఎండలో అవుతుందా, వానలోనా? ఎడమ చక్రం గుంతలో పడితేనా, కుడిదా? ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడా? చాలా ప్రశ్నలకు మాస్టారి దగ్గర జవాబు లేదు. ఒక్కదానికి మాత్రం గట్టి జవాబు వచ్చింది.

"ముళ్లు పడిపోయినప్పుడు ఇంజన్ ఆగిందా సారూ?"

"ఆగలేదు తమ్ముడూ. నడుస్తానే ఉంది. మనం ఆపితేనే మళ్లీ రాదు."

"ఒక్కసారి కూడా దానంతట అది ఆగలేదా?"

"ఒక్కసారి కూడా."

ఆయన తల ఊపాడు. అక్కడే సగం పని అయిపోయిందని నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత అడిగితే విడమరిచి చెప్పాడు. ఇంజన్ తిరుగుతూనే ఉందంటే పెట్రోలు పడుతోంది, నిప్పు పడుతోంది. ఆ రెండూ పంపేది ఇంజన్ కంప్యూటరే. అంటే దానికి కరెంటు అందుతోంది, ఎర్త్ అందుతోంది, బుర్ర పని చేస్తోంది. చచ్చిపోయిందని కాయితం రాసిచ్చిన కంప్యూటర్ ఆ నిమిషంలో కూడా బతికే ఉంది. దాని మాట మాత్రం బయటికి రావడం లేదు. ఇంజన్ వేగం చెప్పేవాళ్లు లేక ముల్లు పడిపోతుంది. బండి సంగతి తెలియక స్టీరింగ్ మోటారు సాయం మానేస్తుంది. ఆపి మళ్లీ తాళం తిప్పినప్పుడు, ఆ తాళం అసలుదేనని ఇంజన్ కంప్యూటర్‌కు కబురు చేరదు, అందుకే అది ఇంజన్‌ను అందుకోనివ్వదు. ఇన్ని రోగాలకూ మూలం ఒక్క కబురు తెగిపోవడమే కావచ్చు. మీటరు చేతిలోకి తీసుకోకుండా, ఒక్క ప్రశ్నతో ఆయన ఇంత దూరం వచ్చాడు.

ఆ కబుర్ల సంగతి కొంచెం చెప్పాలి. పాత కార్లలో ఒక్కో పనికి ఒక్కో తీగ. దీపానికి ఒకటి, హారన్‌కు ఒకటి, ముల్లుకు ఒకటి. పనులు పెరిగేకొద్దీ తీగల కట్ట తొడంత లావయింది. జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో దీనికి మార్గం వెతకడం మొదలుపెట్టి, 1986లో క్యాన్ అనే పద్ధతిని లోకానికి చూపించారు. మెలిపెట్టిన రెండే రెండు తీగలు. బండిలోని కంప్యూటర్లన్నీ ఆ జంటకే తగులుకుని, ఊరి రచ్చబండ మీద మాట్లాడినట్టు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతాయి. అందరూ అందరి మాటా వింటారు, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. 1991లో మెర్సిడెస్ ఎస్ క్లాసులో ఎక్కిన ఆ జంట తీగ ఇవాళ చిన్న కార్లలోనూ ఉంది. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు తీగల మీదా దాదాపు 2.5 వోల్టులు ఉంటాయి. మాట పంపాలంటే ఒకటి 3.5కు లేస్తుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినేవాళ్లు చూసేది ఆ రెంటి మధ్య తేడానే. స్పార్కు ప్లగ్గుల గోల, మోటార్ల గోల రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కాబట్టి తేడా చెడదు. మెలి పెట్టింది అందుకే.

పినపాక, మణుగూరు మండలాల్లో ఉన్న భద్రాద్రి థర్మల్ కేంద్రంలో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి, మొత్తం 1,080 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే నేల మీద కూర్చుని ఈయన ఒక్క వోల్టు లేచిందా, ఒక్క వోల్టు దిగిందా అని చూస్తుంటాడు. నాకు ఆ రెండూ సమానమైన పనులుగానే తోచాయి.

తర్వాత స్కానర్ తీశాడు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కు తగిలిస్తే బండి తన తప్పుల పట్టిక చదువుతుంది. పట్టికలో పదకొండు కోడ్లు. ఆయన వాటిని చెరిపెయ్యలేదు. ఒక్కొక్కటీ లాంగ్ నోట్‌బుక్కులో చేత్తో రాసుకున్నాడు, ఏ కంప్యూటర్ చెప్పిందో దాని పక్కనే. ఏబీఎస్ కంప్యూటర్ అంటుంది: ఇంజన్ కంప్యూటర్ మాట వినిపించలేదు. స్టీరింగ్‌ది అదే మాట. ఎయిర్‌బ్యాగ్‌ది అదే మాట. ఇంజన్ కంప్యూటర్ అంటుంది: ఏబీఎస్ మాట వినిపించలేదు, బాడీ కంప్యూటర్ మాట వినిపించలేదు. ఏబీఎస్, బాడీ కంప్యూటర్లు ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చేసుకోలేదు. వాళ్లలో వాళ్లకు మాటలు బాగానే ఉన్నాయి. ఊరంతా ఒకవైపు, ఇంజన్ కంప్యూటర్ ఒక్కటీ ఒకవైపు. ఆ పదకొండు కోడ్లను పదకొండు రోగాలుగా చదివితే బండి సగం మార్చాలి. ఎవరు ఎవరిమీద చెప్పారో గీతలు గీసి చూస్తే, తెగింది ఎక్కడో ఆ గీతలే చూపిస్తాయి. స్కానర్ పట్టణంలో ఏ షెడ్డులోనైనా దొరుకుతుంది. ఆ గీతలు గియ్యడం దానితోపాటు పెట్టెలో రాదు.

అయినా కరెంటు, ఎర్త్ సంగతి ఊరికే నమ్మి వదలలేదు. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద పెట్టి కుర్రవాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాడు. 0.12 వోల్టులు. 0.2 దాటనంతవరకు ఇంజన్ ఎర్త్ బాగున్నట్టే. ఇక్కడ ఒక సంగతి ఆయన పట్టుబట్టి చెప్పాడు. కరెంటు మోసే తీగను ఓమ్స్‌లో కొలిచి బాగుందనుకోవడం పెద్ద మోసం. ముప్ఫై పోగుల తీగలో ఇరవైతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా, ఓమ్స్ మీటరు బీప్ కొట్టి బాగుందంటుంది. ఆ ఒక్క పోగు మీదనుంచి దీపం వెలగాలంటేనే దాని బండారం తెలుస్తుంది. ఆ ఉదయమే వచ్చిన ట్రాలీ ఆటో హెడ్‌లైటు మసగ్గా వెలుగుతోంది. 55 వాట్ల బల్బు, నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. ఎర్త్ బోల్టు కింద తుప్పు వల్ల 0.4 ఓములు అడ్డం పడింది. 0.4 ఓములంటే మీటరు తీగల్లోనే ఉండేటంత. ఓమ్స్‌లో చూస్తే ఎవరికీ పట్టుబడదు. దీపం వెలిగించి ఆ బోల్టుకు అటూ ఇటూ వోల్టులు చూస్తే 1.8 దొరికాయి. అంత వోల్టేజీ దారిలోనే పోతే వెలుతురు సగానికి దగ్గరగా పడిపోతుంది. బోల్టు విప్పి, ఉప్పుకాయితంతో గీకి, గ్రీజు రాసి బిగిస్తే అయిపోయింది. రాత్రి అడవి దారిలో ఎదురొచ్చే మనిషి ఆ డ్రైవరుకు ఇప్పుడు ముందే కనిపిస్తాడు.

మాస్టారి బండి బ్యాటరీ తీగ విప్పి, కంప్యూటర్లు పూర్తిగా నిద్రపోయేదాకా ఆగాడు. తర్వాత 16 పిన్నుల సాకెట్‌లో 6వ పిన్నుకూ 14వ పిన్నుకూ మధ్య ఓమ్స్ చూశాడు. ఇక్కడ ఓమ్స్ పనికొస్తుంది, ఎందుకంటే వెతుకుతున్నది లెక్క ప్రకారం ఉండవలసిన అంకె. క్యాన్ జంట రెండు చివర్లలోనూ 120 ఓముల అడ్డు ఒక్కోటి ఉంటుంది. రెండు కాలువలు పక్కపక్కన పారితే నీళ్లకు అడ్డు సగమైనట్టు, రెండు 120లు కలిసి 60 చూపించాలి. 60.3 చూపించింది. బాగుంది. రోగం ఆ నిమిషంలో లేదు.

చాలామంది చెయ్యి తొందరపడేది ఇక్కడే. కప్లర్లన్నీ పీకి, ఊది, మళ్లీ నొక్కేస్తారు. బండి కొన్నాళ్లు నడుస్తుంది. ఏ కప్లర్ వల్ల నడిచిందో, అసలు కప్లర్ వల్లేనో కాదో ఎవరికీ తెలియదు. "పీకితే రోగం దాక్కుంటది" అన్నాడాయన. ఏదీ పీకకుండా, ఏదీ కదల్చకుండా ఉన్న స్థితిలోనే రోగాన్ని ఒకసారి కళ్లారా చూడాలి. కుర్రవాణ్ణి మీటరు దగ్గర కూర్చోబెట్టి, తను బోనెట్ కింద తీగల కట్టను జానెడు జానెడు చొప్పున మెల్లగా వంచుతూ వచ్చాడు. కుర్రవాడు అంకె చదువుతున్నాడు. అరవై, అరవై, అరవై. ఫ్యూజు పెట్టె దగ్గర అరవై. క్యాబిన్ గోడ దగ్గర అరవై. బ్యాటరీ పళ్లెం వెనక కట్ట మీద చెయ్యి వెయ్యగానే, "నూట ఇరవై, అన్నా!"

నూట ఇరవై అంటే రెండు చివర్లలో ఒకటి జట్టు విడిపోయింది. ఆయన చెయ్యి తీశాడు. మళ్లీ అరవై. మళ్లీ వంచాడు, నూట ఇరవై. నాలుగుసార్లు చూశాకే గోడ దగ్గర కప్లర్ విప్పాడు. జంట తీగ రెండు ముక్కలైంది. ఇప్పుడు ఒక్కో ముక్కకూ ఒక్కో చివర ఉంది కాబట్టి ఒక్కోటీ 120 చూపించాలి. క్యాబిన్ ముక్క ఎంత కదిపినా 120. ఇంజన్ ముక్క కదిపితే మీటరులో అంకే లేదు, తీగ తెగిపోయిన గుర్తు. మొత్తం బండిలో కొన్ని కిలోమీటర్ల తీగ ఉండొచ్చు. వెతకవలసింది ఇప్పుడు మూరెడు.

ఆ మూరెడులో నల్లటేపు విప్పుతుంటే నేను కూడా తల దూర్చాను. నాకు కనిపించింది నిగనిగలాడే కొత్త తీగ. ఎలుక కొరికిన జాడ లేదు, ఒరిపిడి లేదు. అడవి పక్క ఊళ్లలో ఎలుకలు, ఉడతలు బండి తీగలు కొరకడం మామూలే, నేనూ అదే అనుకున్నాను. ఆయన చూడలేదు, వేళ్ల మధ్య నడిపించాడు. బతికున్న రాగి తీగ వంచితే ఎదురు తిరుగుతుంది. ఒకచోట దారంలా వాలిపోయింది. అక్కడ భూతద్దం పెట్టి నాకు చూపించాడు: తొడుగు మీద సూదిమొనంత చిల్లు. బ్లేడుతో నిలువునా చీరితే లోపల రాగి లేదు. పచ్చటి పొడి ఉంది.

చిలుం.

ఎప్పుడో ఎవరో కరెంటు వస్తోందా లేదా అని చూడ్డానికి టెస్ట్ ల్యాంపు సూది తొడుగులోంచి గుచ్చారు. చూసి తీసేశారు. ఆ చిల్లులోంచి ఒక వానాకాలం తడి దిగింది. పోగుల మధ్య తడి పాకుతుంది, రాగి పచ్చబడుతుంది, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. చివరికి తెగిన కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపు మాట నడుస్తుంది. గుంతలో పడితే విడిపోతాయి. రోగం వెతకడానికి గుచ్చిన సూదే కొత్త రోగం పెట్టింది. గుచ్చినవారిని ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తను మాత్రం తొడుగుకు సూది తగలనివ్వడు. కప్లర్ వెనకవైపు తీగ లోపలికి వెళ్లే సందులోంచి సన్నటి పిన్ను జార్చి, లోహాన్ని తాకి, కొలిచి, బయటికి తీస్తాడు. ఒక్కో తీగకు అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పిన్నులు కూడా తనే గుండుసూదులు సానబెట్టి చేసుకున్నవి.

చిలుం సంగతి ఇంత లోతుగా ఎలా తెలుసునని అడిగితే గోదావరి నేర్పిందన్నాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 తర్వాత అంత వరద అదే. ఆ నీళ్లలో మునిగిన బండ్లు కడిగి, ఆరబెట్టి, స్టార్టయ్యాయని సంతోషపడి తీసుకెళ్లినవాళ్లే ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒక్కొక్కరుగా వెనక్కి వచ్చారట. ఒకరికి అద్దం దిగదు, ఒకరికి బ్రేకు దీపం ఆరదు. విప్పితే అన్నిట్లోనూ అదే పచ్చదనం. నీళ్లు పోయినా తడి తీగ లోపల పాకుతూనే ఉంటుందని, పైకి కనిపించే చోటికి జానెడు అవతల తెగుతుందని ఆ ఏడాది తెలిసింది.

అందుకే మాస్టారి తీగను చిల్లు దగ్గర మాత్రమే కొయ్యలేదు. అటూ ఇటూ కొంచెం కొంచెం కోస్తూ, పోగులు కొత్త బిందెలా మెరిసేదాకా వెళ్లాడు. వేలెడు తీగ పోయింది. జంటలో రెండో తీగ బాగానే ఉంది, అయినా దాన్ని కూడా పరీక్షించాడు. అదే లావు తీగ ముక్క అతికాడు. పోగులను ఒకదాంట్లో ఒకటి దువ్వి కలిపి, సన్నగా సీసం పారించి, లోపల జిగురున్న స్లీవ్ తొడిగి వేడి చేస్తే జిగురు రెండు చివర్లలోనూ చుక్కలా ఊరింది. ఇక చెమ్మ దిగదు. తర్వాత జంటను మునుపటిలాగే, అదే మెలి దూరంతో మళ్లీ మెలిపెట్టాడు. మెలి విడిస్తే గోల దూరుతుంది. బ్యాటరీ పళ్లెం అంచుకు రాసుకోకుండా కట్టను కాస్త పైకి జరిపి క్లిప్పు వేశాడు. అతికిన చోటు ఏదో చెప్పమంటే నేను చెప్పలేకపోయాను.

టేపు చుట్టాక 60.2. అక్కడితో మనలాంటివాళ్లం బిల్లు అడుగుతాం. ఆయన బ్యాటరీ తగిలించి, కోడ్లు చెరిపి, స్కానర్ ఒళ్లో పెట్టుకుని మాస్టారి పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక నేను. ఆ కల్వర్టు మీదే, ఆ గుంతలోనే, ఎడమ చక్రం దించి, కుడి చక్రం దించి, పన్నెండుసార్లు తిప్పించాడు. ఎనిమిదోసారికి మాస్టారు "చాలు తమ్ముడూ" అన్నారు. "నాలుగైదుసార్లకొకసారి వస్తదన్నరు కదా సారూ. అయిదు తిప్పి రాలేదంటే అదృష్టం కావొచ్చు. ఇంకో నాలుగు చూద్దాం" అన్నాడు. ఏ ముల్లూ పడలేదు. కోడ్ల పట్టిక ఖాళీ.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆయన తన నోట్‌బుక్కు నా చేతికిచ్చాడు. నేను అడిగి తీసుకున్నాను. ఒక్కో బండికి ఒక్కో పేజీ. పైన యజమాని చెప్పిన మాటలు ఎలా చెబితే అలాగే: "పొద్దున లేస్తే బ్యాటరీ డౌను", "వాన పడితే హారన్ అదే కొట్టుకుంటది". కింద తీగల బొమ్మ, రంగులు తెలుగులో: నలుపు మీద పసుపు గీత, ఆకుపచ్చ మీద తెలుపు గీత. బ్యాటరీ డౌను పేజీలో ఒక లెక్క ఉంది. తలుపులు వేసి, తాళం వేసి, అరగంట ఆగితే కారు నిద్రపోతుంది, అప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు లాగాలి. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ అలాగైతే నెలన్నర ఆగుతుంది. ఈ బండి 500 లాగుతోంది, అయిదు రోజుల్లో ఖాళీ. ఏ ఫ్యూజు దారిలో పోతోందో చూడాలంటే ఫ్యూజు పీకకూడదు, పీకి పెడితే నిద్రపోయిన కంప్యూటర్ లేస్తుంది. ఫ్యూజు నెత్తిన ఉన్న రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలవాలి. సున్నా కానిచోటే దొంగ ఉన్నాడు. ఆ పేజీలో దొంగ, తర్వాత బిగించిన పాటల పెట్టె.

ప్రతి పేజీలో ఒక గడి ఉంది: "మొదట అనుకున్నది". దాని కింద ఇంకో గడి: "అసలుది". మొదటి గడిలో తప్పుగా ఊహించిన చోటల్లా ఒక్క గీత అడ్డంగా కొట్టాడు, అక్షరాలు మళ్లీ చదువుకోగలిగేలా. నేను తిప్పిన పేజీల్లో గీత లేనివి తక్కువే.

మాస్టారి పేజీ రాస్తుంటే చూశాను. మొదట అనుకున్నది: గోడ దగ్గర కప్లర్ లూజు. దాని మీద గీత. అసలుది: బ్యాటరీ పళ్లెం వెనక, సూది పోటు, చిలుం. కోసి తీసిన వేలెడు తీగ ముక్కను పచ్చగా ఉన్న వైపు పైకి కనపడేలా పేజీకి ఆనించి, టేపు అంటించాడు. అలాంటి ముక్కలతో ఆ పుస్తకం లావెక్కి, మూసినా మూతపడకుండా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మీద మీటరు బరువుగా ఉంచి, బయట ఆగిన ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"ఎప్పుడెప్పుడు అయితది బావా?" అని అడుగుతున్నాడు, బోనెట్ మీద ఇంకా చెయ్యి వెయ్యకుండా.